ఉప్పు చూసే పని

ఆ ఆదివారం మధ్యాహ్నం తాండూరులో మా ఇంటి ఓనర్ల పెరట్లో ఉన్నవి ఇవి. ఇటుకల పొయ్యి మీద ఒక పెద్ద రాగి దేగ్చా. అందులో పొద్దున్నుంచి ఉడుకుతున్న గోధుమలు, రకరకాల పప్పులు, ఎముకతో కొట్టించిన మటన్. పక్కన చిన్న పొయ్యి మీద, దాల్చా కోసం విడిగా పెట్టిన కందిపప్పు. మెదపడానికి నా నడుమెత్తు కర్ర ఒకటి. పళ్ళెం నిండా ఎర్రగా వేయించిన ఉల్లిగడ్డ. పుదీనా, నిమ్మకాయలు, ఉప్పు డబ్బా.

ఉన్నవాళ్ళు వీళ్ళు. వండుతున్న బాజీ, అంటే నేను అక్క వరస కలిపిన ఓనర్ల కూతురు, రోజాలో ఉంది. పక్కన నిలబడి వండనివ్వని ఆమె తల్లి, అంటే నేను పిన్ని వరసతో ఖాలా అని పిలిచే ఓనరమ్మ, రోజాలో ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న దాదీ, ఖాలాకు అత్తగారు, రోజాలో లేదు. పైగదిలో అద్దెకుండే నేను, రోజాలో లేను.

రోజాలో ఎవరున్నారు, ఎవరు లేరు అని విడదీసి రాయడానికి కారణం ఉంది. ఉపవాసం ఉన్నవాళ్ళు పొద్దు గూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. అంటే వండే మనిషికి తన వంట రుచి తెలియదు. రంగు చూస్తారు, వాసన చూస్తారు, కర్రకు ఎంత అంటుకుందో చూస్తారు. ఉప్పుకు రంగు లేదు, వాసన లేదు, కర్రకు అంటుకునే గుణం లేదు. రంజాన్ నెలలో ప్రతి వంటింట్లోనూ అదే చిక్కు.

నాలుక కొసకు తగిలించి ఉమ్మేస్తే తప్పులేదని పెద్దలు చెబుతారట. ఒకసారి ఖాలాను అడిగాను.

"చెప్తరు బేటా. ఏ చింతపండు పులుసో అయితే ఉమ్మొచ్చు. నోట్లకు వచ్చింది హలీం అయితే ఉమ్మెటోళ్ళు ఎవరు? నాకైతే నా మీద నమ్మకం లేదు."

అందుకని ఆ ఇంట్లో ఉప్పు చూసే పని దాదీది. అయిదేళ్ళ కిందట డాక్టరు ఆమె షుగరూ బీపీ చూసి రోజా వద్దన్నాడు. అప్పటి నుంచి ఇఫ్తార్ వంట ఏదైనా ఆమె నాలుక దాటి వెళ్ళాలి.

నా గురించి రెండు ముక్కలు. మాది వికారాబాద్. తాండూరు దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబులో నాణ్యత పరీక్షలు చేస్తాను. రైలెక్కితే మా ఇల్లు పెద్ద దూరమేమీ కాదు కానీ షిఫ్టులకు కుదరక ఇక్కడ గది తీసుకున్నాను. గది తీసుకున్న మొదటి రంజాన్‌లో రోజూ సాయంత్రం మెట్ల మీదికి ఒక గిన్నె వచ్చేది. హలీం, బగారన్నం దాల్చా, పాయా, కీమా సమోసాలు, దహీ వడలు, పోపు పెట్టిన శనగలు. వద్దనకూడదని తిన్నాను. రోజాలు వాళ్ళవి, బరువు పెరిగింది నేను.

వాళ్ళలో వాళ్ళు దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. నాతో తెలుగు. కోపమొస్తే రెండూ కలుస్తాయి. నాకు గుర్తున్నంత మేరకు అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

ఇక బాజీ సంగతి. ఖాలాకు ఒక్కతే కూతురు, నాకంటే ఏడాది పెద్ద. పోయిన ఏడు వికారాబాద్‌కు కోడలిగా వెళ్ళింది. అత్తగారింట్లో ఇది మొదటి రంజాన్. మొదటి రోజే పట్టుబట్టి, ఇంటిల్లిపాదికీ తనే హలీం చేసింది. అందులో ఉప్పు లేదు. ఉందని బాజీ అంటుంది కానీ, ఉందని ఆమె ఒక్కతే అంటుంది. అత్తగారు తిట్టలేదు. నిమ్మకాయ అడిగింది. తర్వాత ఊరగాయ అడిగింది. తర్వాత తనే లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చుకుని, "ఏం బేటీ, తాండూరు నుంచి వచ్చేటప్పుడు ఉప్పు రైల్లనే మర్చిపోయినవా?" అన్నది.

అంతే. మర్నాటి నుంచి బాజీకి పొయ్యి లేదు. ఇఫ్తార్‌కు పళ్ళు కోసే పని ఇచ్చారు. పుచ్చకాయ, బొప్పాయి, జామ, అరటి.

"అన్నీ ఉప్పు అక్కర్లేనియే భయ్యా, చూసినవా?" అన్నది నాతో. నవ్వుతూనే అన్నది కానీ కర్ర పట్టుకున్న చేయి నవ్వడం లేదు. "ఇయ్యాల ఆమె వస్తున్నది. ఇది గూడ చెడితే బక్రీద్ దాక పుచ్చకాయలే. వచ్చే రంజాన్‌కు గూడ పుచ్చకాయలే."

పుట్టింటివాళ్ళు మొదటి రంజాన్‌లో వియ్యాలవారిని ఇఫ్తార్‌కు పిలవాలి. వికారాబాద్ నుంచి అయిదుగురు రైలెక్కుతున్నారు. బాజీ ముందురోజే వచ్చి, అమ్మను పొయ్యి దగ్గరికి రానివ్వనని, దావత్ మొత్తం తన చేత్తోనే చేస్తానని ప్రకటించింది. ఖాలా సరేనని, పొయ్యి దగ్గరే నిలబడింది.

పొద్దున పొయ్యి విషయంలోనే నాకు చెడ్డపేరు వచ్చింది. ఖాలూకు, అంటే ఖాలా భర్తకు, బండలు పాలిష్ చేసే యార్డు ఉంది. అక్కడ మిగిలిన షాబాదు బండ ముక్కలు నాలుగు తెచ్చి పొయ్యి పేర్చాడు. అది సున్నపురాయి, వేడికి పగులుతుంది అన్నాను.

"మీ ఫ్యాక్టరీల రాయిని కాల్చుడే గద పని?" అన్నది ఖాలా. "మా ఇంట్ల గూడ జర కాలనియ్యి."

కాసేపటికి ఒక బండ ఠప్పున పగిలింది. దేగ్చా ఒరిగితే అందరం కలిసి పట్టుకున్నాం. ముందే చెప్పానన్న మెప్పు నాకేమీ రాలేదు. దాదీ కుర్చీలోంచే, "నల్ల నాలిక పోరడు. అన్నడు, పగిలింది," అన్నది. ఇటుకలు మోసింది కూడా నేనే.

మధ్యాహ్నం ఎండ గోడ మీదికి జరిగాక, హలీం దగ్గరపడింది. బాజీ ఒక గిన్నెలో కొంచెం తీసి దాదీకిచ్చింది. దాదీ ఉప్పు చూడటం చూడవలసిన పని. ముందు నోరు పుక్కిలించింది. ఓణీ తల మీదికి సర్దుకుంది. బిస్మిల్లా అన్నది. చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసింది. పెరడంతా ఆగింది. పక్కింటి మేక తప్ప ఎవరూ చప్పుడు చేయలేదు.

"బస్," అన్నది కళ్ళు తెరిచి. "జర ఎక్కువే అయింది గానీ, నడుస్తది."

బాజీ మొహంలో నమ్మకం కుదరలేదు. అటూ ఇటూ చూసి గిన్నె నా ముందు పెట్టింది. "భయ్యా, నువ్వు గూడ ఒకసారి చూడు."

"వాడెందుకు?" అన్నది దాదీ.

"వికారాబాద్ నోరు గద దాదీ. వాళ్ళ నోటికి ఎట్ల ఉంటదో తెలుస్తది."

నేను పనిని పనిలాగే చేశాను. నోరు కడుక్కున్నాను. ఆ గిన్నె వద్దని, దేగ్చాలో మధ్య నుంచి ఒక చెంచా, అంచు నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి విడివిడిగా తీయించాను. ఉప్పు అంతటా ఒకేలా కలవకపోవచ్చు. మూడూ చల్లారేదాకా ఆగాను. వేడి మీద నాలుక సరిగ్గా చెప్పదు. ఒక్కోదానికీ మధ్య నీళ్ళు తాగాను. పొద్దున్నుంచి చుక్క నీళ్ళు లేని ఇద్దరు ఆడవాళ్ళు నన్నే చూస్తున్నారని తర్వాత తట్టింది.

"బేటా," అన్నది ఖాలా, "హలీమా అది, సిమెంటా?"

"సిమెంటు దిమ్మ లెక్క ఏడు దినాలకు చెప్తడట రిజల్టు," అన్నది బాజీ.

"ఉప్పు తక్కువుంది," అన్నాను. "బాగా తక్కువ."

దాదీ కుర్చీ కిర్రుమన్నది.

"ఎవరు చెప్తున్నరు? వికారాబాదోడా? మీ ఊర్ల ఏమున్నదిరా, అనంతగిరి గుట్టల గాలి తప్ప? గాలి తిని పెరిగినోనికి ఉప్పు గురించి ఏం ఎరుక? అయిదేండ్ల సంది నేను చూస్తున్న ఉప్పు. ఈ ఇంట్ల ఒక్కరన్న, ఒక్కనాడన్న, తక్కువైందన్నరా? అడుగు. నీ గిన్నె గూడ నేను చూసి పంపిందే. అప్పుడు నోరు లేవకపాయె, ఇప్పుడు లేస్తున్నది!"

ఆ మాట నన్ను నిజంగానే ఆపింది. ఎందుకంటే అది నిజం. నా మెట్ల మీదికి వచ్చిన గిన్నెలన్నీ ఉప్పు సరిగ్గా కుదిరినవే. చూసింది ఈ నాలుకే. ఈ నాలుక ఇవాళ ఉప్పులేని దాన్ని ఎక్కువంటోంది. రెండూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు.

"దాదీ, నువ్వు రోజూ ఏం తింటవు?" అని అడిగాను.

"నాదేముంది, నాకు వేరే గంజుల వండుతరు. చప్పటిది. డాక్టరు ఉప్పు బందు పెట్టిండు గద."

అయిదేళ్ళుగా ఉప్పు తినని నాలుక. దానికి చిటికెడు తగిలినా సముద్రమే. ల్యాబులో ఖాళీ పళ్ళెం పెట్టినప్పుడు త్రాసు సున్నా చూపించకపోతే దాన్ని పక్కన పెట్టేస్తాం. సున్నా జరిగిన త్రాసు ఎంత మంచిదైనా చెప్పేవన్నీ తప్పులే. ఈ సంగతి వివరంగా చెబుదామని నోరు తెరిచాను.

"బేటా," అన్నది ఖాలా గట్టిగా, "పైన నీ ఫ్యాన్ బందు చేసినవా?"

"చేసిన ఖాలా."

"పోయి చూసి రా."

"చేసినట్టు గుర్తుంది."

"గుర్తుంటే ఏమాయె. పోయి చూసి రా. ఉప్పు సంగతి అమ్మీజాన్ చెప్పింది, అయిపాయె. ఈ ఇంట్ల ఆమె మాటనే ఆఖరు."

దాదీ వైపు తిరిగి అంత మెత్తగా, నా వైపు తిరిగి అంత గట్టిగా ఒకే వాక్యాన్ని అనగలగడం ఖాలాకే చేతనవుతుంది. మెట్లెక్కాను. ఫ్యాన్ బందే ఉంది.

పిట్టగోడ మీద నుంచి కిందికి చూస్తే పెరడు మొత్తం కనిపిస్తుంది. ఖాలా అటు తిరిగి పుదీనా ఒలుస్తోంది. దాదీ నన్ను తిట్టడం ఇంకా పూర్తి కాలేదు, కళ్ళు మూసుకుని సాగిస్తోంది. బాజీ అటొకసారి, ఇటొకసారి చూసి, ఉప్పు డబ్బాలో చేయి పెట్టి, ఒక పిడికెడు తీసి దేగ్చాలో వేసి, ఏమీ ఎరగనట్టు కర్ర తిప్పింది. నా మాట నెగ్గినందుకు సంతోషపడ్డాను.

అప్పుడే అసర్ అజాన్ వినిపించింది. సాయంత్రం నమాజుకు వేళ. బాజీ చేతులు కడుక్కుని, దాదీని కుర్చీలోంచి లేపి, చేయి పట్టుకుని లోపలికి నడిపించుకు వెళ్ళింది.

"అమ్మీ, నువ్వు?"

"మీరు చదువుకొని రాండ్రి. నేను తర్వాత చదువుత. అడుగంటుతది."

నేను మెట్లు దిగుతున్నాను. సగం దిగేసరికి ఖాలా ఉప్పు డబ్బా మూత తీసింది. లోపలి గది వైపు ఒకసారి చూసింది. పిడికెడు తీసింది. చేయి కూడా తూచలేదు. ఏళ్ళ తరబడి చేసిన పనిలా చేయి తనంతట తను వెళ్ళి వచ్చింది.

"ఖాలా, ఆగు!"

ఉప్పు అప్పటికే పడిపోయింది.

"ష్! ఒర్లకు!" అన్నది ఖాలా గుండె మీద చేయి పెట్టుకుని. "జిన్ను లెక్క వచ్చినవు. లోపట ఆమెకు వినవడ్తది."

"ఏం చేసినవు?"

"ఏం చేసిన? రోజూ చేసేదే చేసిన." గొంతు తగ్గించింది. "నీకొక్కనికే ఉన్నదా నాలిక? ఆమె చెప్పినంత వేస్తె చప్పగుంటదని నాకు తెల్వదా? డాక్టరు రోజా వద్దన్నప్పుడు చూడాల్సింది బేటా. చిన్నప్పటి సంది ఒక్కటి విడువలేదట. మంచం దిగలే, మాట్లాడలే, సహరీకి, తెల్లారగట్ల తిండికి, లేచి ఊకె గోడ దిక్కు చూసుకుంట కూసునేది. ఒకనాడు నేను ఊర్కనే, అమ్మీజాన్, జర ఉప్పు చూడుండ్రి, మాకు తెలుస్తలేదు, అన్న. లేచి వచ్చింది. గా పని గూడ గుంజుకుంటమా? ఆమె చెప్తది. నేను సరే అంట. ఆమె అసర్‌కు పోయినప్పుడు నా చేతికి ఎంత వస్తదో అంత వేస్త. అయిపాయె."

నాలుకకు తెలియకుండా అయిదేళ్ళ నుంచి చేయి చేస్తున్న పని అది. నా మెట్ల మీది గిన్నెల లెక్క తేలింది. కానీ ఇంకో లెక్క తప్పింది.

"ఖాలా, బాజీ వేసింది గద."

"ఏం వేసింది?"

"ఉప్పు. ఇప్పుడే. నువ్వు నన్ను ఫ్యాన్ చూడ పంపినప్పుడు."

ఖాలా దేగ్చా వైపు చూసింది. డబ్బా వైపు చూసింది. తర్వాత ఎందుకో నా వైపు, తప్పు నాదేనన్నట్టు చూసింది.

బాజీ నమాజు చేసుకుని బయటికి వచ్చేసరికి ఇద్దరం అలాగే నిలబడి ఉన్నాం. సంగతి గుసగుసగా చెప్పాం. ముందు ఆమెకు ఉప్పు గురించి దిగులు రాలేదు.

"రోజూనా?" అన్నది. "అసర్‌కు రోజూ నువ్వు వేస్తుంటివా?"

"రోజూ."

"నేనెందుకు చూడలే?"

"నువ్వు దాదీని తోల్కపోయి పక్కన కూసొని నమాజు చదువుతుంటివి. ఎట్ల చూస్తవు?"

"అంటే... దాదీ చాలు అన్నదాక వేస్తే చాలనుకున్న నేను. గట్లనే నేర్చుకున్న. అక్కడ పోయి గట్లనే వేసిన." కర్ర పట్టుకుని ఇటుక మీద కూలబడింది. "అంటే నేను నేర్చుకున్నది సగం వంటనా అమ్మీ?"

"సగమేంది? తొంభై తొమ్మిది పాళ్ళు నేర్చుకున్నవు. ఒక్క ఉప్పే పోయింది."

"ఒక్క ఉప్పే!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. చెంచా తీసుకున్నాను. ఈసారి మధ్య, అంచు, అడుగు అనలేదు. ఒక్క చెంచాతోనే తెలిసింది. చెప్పక్కర్లేకపోయింది, నా మొహం చూసి బాజీ తల పట్టుకుంది.

ఇంతలో గడప మీద నుంచి, "ఏమైంది? గిన్నె ఇటియ్యి," అన్నది దాదీ, తస్బీహ్ పూసలు చేతిలో పట్టుకుని. ఆమెకు ఇవ్వకుండా ఉండటం ఎవరివల్లా కాదు. చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూయడానికి కూడా ఆగలేదు.

"యా అల్లా! ఎక్కువైందని నేను ముందే చెప్పలేదా?"

ఆ రోజు మా రెండు నాలుకలూ మొదటిసారి ఒకే మాట చెప్పాయి. "అవును దాదీ, ఎక్కువైంది," అన్నాను.

"ఇప్పుడు వచ్చింది బుద్ధి నల్ల నాలికకు."

బాజీ ఫోను మోగింది. అత్తగారు. రైలెక్కామని, కిటికీ పక్క సీటు దొరికిందని, పొద్దున్నుంచి ఎండకు నోరు ఎండిపోతోందని చెప్పింది. చివర, "ఏం వండుతున్నవు బేటీ? పళ్ళేనా?" అని అడిగి నవ్వింది. బాజీ కూడా నవ్వి ఫోను పెట్టేసింది. పెట్టేశాక కళ్ళు తుడుచుకుంది. పొగ అన్నది.

ఉపాయాలు వరుసగా వచ్చాయి. పిండి ముద్దలు వేస్తే ఉప్పు పీలుస్తాయన్నది ఖాలా. ముద్ద తన వంతు పీలుస్తుంది, హలీం వంతు హలీంలోనే ఉంటుంది, ఉపయోగం లేదన్నాను. ఆలుగడ్డ అన్నది. అదీ అంతేనన్నాను. నీళ్ళు అన్నది. జారైపోతుంది, హలీం కాదు, చారు అవుతుంది అన్నాను.

"అన్నీ కాదనుడేనా బేటా, ఏదన్న ఒక్కటి అవునను," అన్నది ఖాలా.

"ఉప్పును తీయలేం ఖాలా. ఉప్పులేని సరుకు పెంచాలె. చిక్కగ ఉండాలె, ఉడికి ఉండాలె, ఉప్పు పడి ఉండకూడదు. గోధుమలు మళ్ళ ఉడకాలంటే..."

బాజీ నా మాట పూర్తిగా వినలేదు. ఆమె చూపు చిన్న పొయ్యి మీద ఉంది. అక్కడ దాల్చా కోసం పెట్టిన కందిపప్పు మెత్తగా ఉడికి, ఇంకా సొరకాయ పడక, చింతపులుసు పడక, ఉప్పు పడక, పచ్చగా తుకతుకలాడుతోంది. కొత్త కందులు. ఆ నెలలోనే పట్టించినవి.

"దాల్చా?" అన్నది ఖాలా భయంగా.

"ఇయ్యాల దాల్చా లేదు."

ఎంత పోయాలో నేను లెక్క కట్టబోయాను. దేగ్చాలో ఉన్నది ఇంత, ఉప్పు రెండింతలు పడింది అనుకుంటే... బాజీ పప్పు గంజు చెవులు కొంగుతో పట్టుకుని మొత్తం ఒంపేసింది.

"లెక్క తర్వాత చెయ్యి భయ్యా. ముందు కర్ర పట్టు."

కలిసేదాకా మెదపాలి. గోధుమలూ మటనూ ఒక దారికి వచ్చి ఉన్నాయి. పప్పు కొత్తగా వచ్చిన కోడలిలా విడిగా నిలబడింది. బాజీ కాసేపు, నేను కాసేపు తిప్పాం. పగలంతా తిండి లేని మనిషి నాకంటే ఎక్కువసేపు తిప్పింది. నా భుజం పట్టేసినప్పుడు దాదీ కుర్చీలోంచి, "గాలి తిన్న ఒళ్ళు," అన్నది. కొంచెం కొంచెంగా రంగు మారింది. మామూలు హలీం కంటే పసుపు. నెయ్యి పైకి తేలింది. చెంచా తీసుకుని చూశాను. సరిపోయింది. నిజంగా సరిపోయింది. దాదీ కూడా చూసి, ఇంకా జర ఎక్కువే ఉన్నదన్నది. అలా అన్నప్పుడే మాకు ధైర్యం వచ్చింది.

"మీరు ఎక్కువైందంటేనే పప్పు కలిపినం అమ్మీజాన్," అన్నది ఖాలా. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

వికారాబాద్ వాళ్ళు వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. వియ్యంకుడు, వియ్యపురాలు, అల్లుడు, అల్లుడి చెల్లెలు, ఆమె భర్త. మగవాళ్ళం ముందు గదిలో, ఆడవాళ్ళు లోపలి గదిలో. మధ్యలో నడవ. లోపలి గది గుమ్మానికి తెర. మసీదు నుంచి అజాన్ వినగానే ఖర్జూరం, నీళ్ళు, ఎర్ర షర్బత్. పళ్ళు కూడా ఉన్నాయి, ఎవరు కోశారో ఎవరూ అడగలేదు. మగవాళ్ళు మగ్రిబ్ నమాజుకు మసీదుకు వెళ్ళారు. నేనూ సమోసాల పళ్ళెమూ మిగిలాం. నేను మర్యాదగానే ఉన్నాను.

వాళ్ళు తిరిగొచ్చాక అసలు తిండి. దేగ్చా నడవలోకి తెచ్చారు. అందరికంటే తక్కువ అలసిపోయినవాణ్ణని వడ్డించే పని నాకిచ్చారు. ముందు గదికి గిన్నెలు ఇస్తాను. లోపలి గదివాళ్ళ చేతులు తెర కింది నుంచి వస్తాయి, గిన్నె నింపి ఇస్తాను. మొహాలు కనబడవు, గాజులు కనబడతాయి. నీలం మట్టిగాజులు వియ్యపురాలివి. రైలు దిగి ఇంటికొచ్చి సంచీ అందించినప్పుడే చూశాను.

మొదటి గిన్నె నీలం గాజుల చేతికి ఇచ్చాను. ముందు గదిలో ఖాలూ బండల ధర గురించి చెబుతున్నాడు, వియ్యంకుడు వింటూ తింటున్నాడు. నాకు అటు ఒక్క మాట ఎక్కలేదు.

"ఇది ఏం హలీం?" అన్న గొంతు వినిపించింది. వియ్యపురాలిదే.

బాజీ గాజులు ఒకసారి గలగలమన్నాయి.

"కందిపప్పు మస్తుగున్నది ఇందుల," అన్నది వియ్యపురాలు.

"తాండూరు హలీం," అన్నది దాదీ. అప్పటిదాకా ఎవరూ పెట్టని పేరు, పాత ఇంటిపేరంత ధీమాగా అన్నది. "మా మట్టిల పండిన కంది అది. మీ దగ్గర గీ రుచి రాదు."

"నిమ్మకాయ కావాల్నా అమ్మీజాన్?" అన్నది బాజీ, అత్తగారితో.

"వద్దు."

"ఊరగాయ?"

"ఎందుకు? ఉప్పు మంచిగ కుదిరింది గద." చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు. "ఎవరు చూసిండ్రు ఉప్పు?"

"ఇంకెవరు?" అన్నది దాదీ. "ఈ ఇంట్ల ఉప్పు చూసేది నేనే."

"అట్లయితే మీరు మాతోని రావాలె. పండగ దాక మా ఇంట్లనే ఉండుండ్రి. మా ఇంట్ల అందరికి రోజానే, ఉప్పు చూసే మనిషి లేక పరేషానైతున్నం."

ఖాలాకు పొరబోయింది. ఎంతసేపటికీ దగ్గు తగ్గలేదు. నేను గరిటె పట్టుకుని తెర వైపు చూస్తున్నాను, అది తెర అని మర్చిపోయి.

"నాతోని రైలెక్కుడు కాదు బిడ్డా," అన్నది దాదీ, బతిమాలించుకోవడానికి కాసేపు ఆగి, ఎవరూ గట్టిగా బతిమాలకపోతే. "నా మనుమరాలికి అంత నేర్పిన. ఆమె చూసుకుంటది."

"నేర్చుకున్నవా బేటీ?" అన్నది వియ్యపురాలు.

"ఇయ్యాల పూర్తిగ నేర్చుకున్న," అన్నది బాజీ.

"మరైతే రేపటి సంది దేగ్చా నువ్వే పట్టు. పళ్ళు నేను కోస్త. కూసొని చేసే పని, నాకే మంచిది."

బాజీ గాజులు మళ్ళీ గలగలమన్నాయి. తెర కింది నుంచి నీలం గాజుల చేయి మళ్ళీ వచ్చింది, ఖాళీ గిన్నెతో.

ఆ సాయంత్రం తిన్నవాళ్ళం పది మందిమి. నేను నింపిన గిన్నెలు ఇరవై మూడు. అందులో వియ్యపురాలివి నాలుగు.